కణితి ముక్క ప్రయాణం

ఉదయగిరిలో ఒక రోగికి కణితి ముక్క తీశారనుకోండి. అది ఆత్మకూరు, నెల్లూరు దాటి మహానగరంలోని ప్రయోగశాలకు చేరాలి. దారిలో చెడిపోదూ? చెడిపోతుంది! రక్తం అందని కణాలను వాటిలోని ఎంజైములే జీర్ణం చేస్తాయి, డి.ఎన్.ఏ. తునాతునకలవుతుంది.

అందుకే గంటలోపు ముక్కను దానికి 10 రెట్ల ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. 6 గంటలు నిండకపోతే లోపల పచ్చిగా మిగులుతుంది. 72 గంటలు మించితే డి.ఎన్.ఏ. దెబ్బతింటుంది. తర్వాత దాన్ని మైనంలో పొదిగి, వడ్రంగి చిత్రిక పట్టినట్లు 5 మైక్రాన్ల పొరలు తీస్తారు. సూక్ష్మదర్శినిలో కణితి భాగం గుర్తించి, అక్కడినుంచే డి.ఎన్.ఏ. సేకరిస్తారు.

ఏ జన్యువు మారిందో తెలిస్తే తగిన మందు ఎంచుకోవచ్చు. ముక్క చెడితే? రోగిని మళ్ళీ కోయాల్సి రావచ్చు! మరి సీసామీద ముక్క తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ రాయడం చిన్న పనేనా, చెప్పండి!