ఎండోమెట్రియల్ క్యాన్సర్: సంభవం, పునరావృతి, మనుగడ – మూడు కొలతల అన్వయం

గర్భాశయపు లోపొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌పై జరిగే పరిశోధనలలో మూడు కొలతలు ప్రధానమైనవి. ఒక జనాభాలో నిర్ణీత కాలంలో కొత్తగా ఎందరికి వ్యాధి వచ్చిందో సంభవం తెలుపుతుంది. చికిత్స పొందినవారిలో ఎందరికి వ్యాధి తిరగబెట్టిందో పునరావృతి తెలుపుతుంది. నిర్ణీత కాలం తరువాత ఎందరు జీవించి ఉన్నారో మనుగడ రేటు తెలుపుతుంది. ఒక కొలతను చూసి మరొకదానిని ఊహించడం తప్పుడు నిర్ధారణలకు దారితీస్తుంది.

సంభవం

గ్లోబోకాన్ 2020 అంచనా ప్రకారం, గర్భాశయ ముఖద్వారాన్ని మినహాయించి గర్భాశయంలో వచ్చే క్యాన్సర్లు ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,17,000. మరణాలు సుమారు 97,000. వీటిలో అత్యధికం ఎండోమెట్రియల్ రకానికి చెందినవే. స్థూలకాయం, ప్రొజెస్టెరాన్ తోడులేని ఈస్ట్రోజెన్ ప్రభావం ఇందుకు ముఖ్య కారణాలు.

సంభవ రేటును లెక్కించేటప్పుడు స్త్రీలందరినీ హారంలో చేర్చడం పరిపాటి. అయితే గర్భాశయం తొలగించిన స్త్రీకి ఈ వ్యాధి వచ్చే అవకాశం దాదాపు ఉండదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించబడినవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. కనుక తెలుగు రాష్ట్రాలలో నమోదయ్యే సంభవ రేటు, గర్భాశయం ఉన్న స్త్రీల వాస్తవ ముప్పును తక్కువ చేసి చూపుతుంది.

పునరావృతి

నెదర్లాండ్స్‌లో జరిగిన పోర్టెక్–1 అధ్యయనం (2000) మొదటి దశ వ్యాధికి శస్త్రచికిత్స పొందిన 714 మందిని పరిశీలించింది. ఐదేళ్లలో కటి ప్రాంతంలో వ్యాధి తిరగబెట్టినవారు రేడియేషన్ పొందినవారిలో 4 శాతం, పొందనివారిలో 14 శాతం. అయినా మనుగడ రేట్లు వరుసగా 81, 85 శాతం; ఈ తేడాకు గణాంక ప్రాధాన్యం లేదు. పునరావృతి తగ్గినా ఆయుర్దాయం పెరగలేదు. రేడియేషన్ పొందనివారిలో వ్యాధి ఎక్కువగా యోని పైభాగంలోనే తిరగబెట్టింది. అక్కడ అది చాలామందిలో తదుపరి చికిత్సకు లొంగింది. పైగా మరణాలలో అధికభాగం ఇతర కారణాల వల్ల సంభవించినవే.

ఈ ఫలితాల వెలుగులో జరిగిన పోర్టెక్–2 అధ్యయనం (2010), యోనికి మాత్రమే పరిమితమైన బ్రాకీథెరపీ అక్కడి పునరావృతిని కటి రేడియేషన్‌తో సమానంగా అరికడుతుందనీ, పేగులపై దుష్ప్రభావాలు తక్కువనీ నిరూపించింది.

మనుగడ

అమెరికా గణాంకాలలో, గర్భాశయానికే పరిమితమైన వ్యాధికి ఐదేళ్ల సాపేక్ష మనుగడ సుమారు 95 శాతం. దూరపు అవయవాలకు పాకితే సుమారు ఐదింట ఒక వంతు మాత్రమే. రుతువిరతి తరువాత వ్యాధికి గురైన పదిమందిలో తొమ్మిదిమందికి రక్తస్రావం కనిపిస్తుంది కనుక, ఆ లక్షణాన్ని ఉపేక్షించకపోవడమే తొలిదశ నిర్ధారణకు మార్గం.

అందువల్ల ఈ వ్యాధిపై అధ్యయనం చేసేవారు సంభవానికి గర్భాశయం ఉన్న స్త్రీలనే హారంగా గ్రహించాలి. పునరావృతి ఏ స్థానంలో జరిగిందో, మరణం ఏ కారణంతో సంభవించిందో విడివిడిగా నమోదు చేయాలి. అప్పుడే ఒక చికిత్స రోగి ఆయుష్షును పొడిగించిందా, వ్యాధి తిరగబెట్టడాన్ని మాత్రమే నివారించిందా అన్నది తేలుతుంది.