యతీము బిడ్డ, నిరాధార తల్లి

ఉర్దూలోని ‘యతీమ్’ అనే మాటను మనం సాధారణంగా ‘అనాథ’ అని అనువదిస్తాము. ఇది పూర్తిగా సరికాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం యుక్తవయస్సు రాకముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ యతీమ్. తల్లి జీవించి ఉన్నప్పటికీ ఆ పేరు వర్తిస్తుంది. కాశ్మీరు సరిహద్దు గ్రామాల సమస్యను గ్రహించడానికి ఈ భేదం ముఖ్యం. అక్కడి యతీములలో అనేకులకు తల్లి ఉన్నది. ఆ తల్లికే ఆధారం లేదు.

కుప్వారా జిల్లాలో, నియంత్రణ రేఖకు సమీపంలోని కొండల నడుమ దర్ద్‌పొరా అనే గ్రామం ఉంది. 1989 తరువాత చెలరేగిన హింసాకాండలో ఇక్కడి పురుషులు అనేకులు మరణించారు. తుపాకి పట్టినవారూ, తుపాకికి బలైనవారూ కూడ వారిలో ఉన్నారు. అందువల్ల దీనికి ‘వితంతువుల గ్రామం’ అనే పేరు వచ్చింది.

భర్త ఏమైనాడో తెలియని స్త్రీ స్థితి మరింత క్లిష్టమైనది. ఇట్టివారిని అక్కడ ‘అర్ధవితంతువులు’ అంటారు. మరణ ధ్రువపత్రం లేనిదే పింఛను గాని, పరిహారం గాని చేతికి రావడం కష్టం. ఏడేళ్లు ఆచూకీ లేని వ్యక్తి మరణించినట్లు భావించవచ్చునన్న పూర్వపు సాక్ష్య చట్ట నియమాన్ని, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడ కొనసాగించింది. కాని ఆ ఏడేళ్లలో అయిదేళ్ల పసివాడు పన్నెండేళ్లవాడవుతాడు. అతని ప్రాథమిక విద్యాకాలం గడచిపోతుంది. నాలుగేళ్లు వేచి ఉన్న స్త్రీ పునర్వివాహం చేసుకోవచ్చునని 2013 డిసెంబరులో శ్రీనగర్‌లో మతపండితులు ప్రకటించారు.

వారసత్వంలోనూ చిక్కు ఉంది. తాత కంటే ముందే తండ్రి మరణించి, తండ్రి సోదరులు జీవించి ఉంటే, ముస్లిం వ్యక్తిగత న్యాయం ప్రకారం మనుమనికి తాత ఆస్తిలో వాటా రాదు. మూడవ వంతుకు మించకుండా వీలునామా వ్రాసి తాత ఈ లోటు తీర్చవచ్చు.

1972లో ఏర్పడిన జమ్మూ కాశ్మీర్ యతీమ్ ట్రస్టు వంటి సంస్థలు పిల్లలకు ఆశ్రయమిచ్చాయి. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం దృష్టిలో బిడ్డను ఆశ్రమంలో చేర్చడం చివరి మార్గం మాత్రమే. తల్లి వద్దనే బిడ్డ పెరిగేందుకు మిషన్ వాత్సల్య పథకం నెలకు రూ. 4,000 సహాయం నిర్దేశించింది. గ్రామాలలో కుటుంబ వార్షికాదాయం రూ. 72,000 మించరాదు. వితంతువుల, విడాకులు పొందిన స్త్రీల, కుటుంబం విడిచిపెట్టిన స్త్రీల పిల్లలూ, బంధువుల ఇంట పెరిగే అనాథలూ ఇందుకు అర్హులు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ద్వారా దీనికి దరఖాస్తు చేసుకోవాలి.

ఈ మాటలలో దేనిలోనూ సరిగా ఇమడని తల్లి అర్ధవితంతువు. గ్రామ పెద్దలు, ఉపాధ్యాయులు, అధికారులు ఆమె పక్షాన నిలిచి పత్రాలు సమకూర్చినప్పుడే ఆ సహాయం ఆమె బిడ్డకు సకాలంలో అందుతుంది.