కోడికీ మలేరియా వస్తుంది: రక్తపు చుక్కతో తేల్చుకోండి

పుంజు మునగదీసుకుని మూల కూర్చుంటుంది. మేత ముట్టదు. ఎర్రటి జుట్టు పాలిపోతుంది. రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. ఇది చూడగానే మనం "కొక్కెర తగిలింది" అనేస్తాం. అయినకాడికి అమ్మేస్తాం, లేదా కోసేస్తాం.

కొక్కెరలో ఈ లక్షణాలు ఉండే మాట నిజమే. కాని రక్తంలో పెరిగే పరాన్నజీవుల వల్ల కూడా ఇవే కనబడతాయి. కొక్కెర వచ్చాక మందు లేదు, ముందు వేసే టీకాయే దిక్కు. రక్త పరాన్నజీవులను వేళకు గుర్తిస్తే మందు ఉంది. అందుకే ఏది వచ్చిందో తేల్చుకోవాలి.

ఏమిటీ జబ్బు?

కోళ్ళలో మలేరియా కలిగించేది ప్లాస్మోడియం గల్లినేసియం అనే క్రిమి. దోమకాటుతో ఒంట్లో చేరి రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. ల్యూకోసైటోజూన్ అనే మరో రకాన్ని దోమకంటె చిన్నవైన కుట్టే ఈగలు మోసుకొస్తాయి. కోడి మలేరియా మనిషికి రాదు, భయపడకండి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. మరుసటి ఏడు కలకత్తాలో పిట్టల మీద పరీక్షలు చేసి, దోమకాటుతోనే ఈ జబ్బు ఒక పిట్టనుంచి మరో పిట్టకు పాకుతుందని రుజువు చేశారు.

గల్లినేసియం క్రిమికి అసలు ఆశ్రయం అడవికోడి. అది తట్టుకుంటుంది. ఇంటికోడికి, అందులోనూ మేలుజాతి కోళ్ళకు, గట్టిగా తగిలితే ప్రాణం మీదికొస్తుంది. కోలుకున్న కోడి రక్తంలోనూ క్రిమి మిగిలి ఉండవచ్చు. సంతలో నిగనిగలాడే పెట్టను కొన్నా దాంతోపాటు జబ్బు మన పెరట్లోకి రావచ్చు.

పరీక్ష ఎలా?

కోడి బతికుండగానే పశువుల ఆసుపత్రిలో చూపించండి. చచ్చాక రక్తం పరీక్షకు పనికిరాకుండా పోతుంది. డాక్టరుగారు రెక్క నరంనుంచి చుక్క రక్తం తీసి గాజుపలక మీద పల్చగా పూస్తారు. ఆరాక జీమ్సా రంగు వేసి, మైక్రోస్కోపులో వెయ్యిరెట్లు పెద్దది చేసి చూస్తారు. మలేరియా అయితే ఎర్రకణం లోపల క్రిమి, దానితో నల్లటి రేణువులు కనబడతాయి. క్రిములు మరీ తక్కువుంటే పలకమీద చిక్కవు. కనుక ఒకసారి ఏమీ లేదన్నా, కోడి తేరుకోకపోతే మళ్ళీ చూపించండి. పెద్ద ప్రయోగశాలల్లో చేసే పిసిఆర్ పరీక్షలో తక్కువ క్రిములు కూడా బయటపడతాయి.

మీరు చేయవలసినవి

* అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడ చూసినా కాలువలు, కొబ్బరితోటల బోదెలే. కాలువను ఆపలేం గాని, కొబ్బరిచిప్పల్లో, పాత టైర్లలో నీరు నిలవకుండా చూడగలం.

* గూటి చుట్టూ తడి పెంట ఉంచకండి. రాత్రిపూట గూటికి సన్నకన్నుల వల కట్టండి.

* మనుషుల మలేరియా బిళ్ళలు సొంతంగా వేయకండి. మందు, మోతాదు డాక్టరుగారే చెప్పాలి.

* కొక్కెర టీకా మాత్రం మానవద్దు.

* ఒకేసారి చాలా కోళ్ళు చస్తే వాటిని ముట్టుకోకండి, ఎక్కడికీ తీసుకెళ్ళకండి. డాక్టరుగారికి కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి మరవకూడదు.

జబ్బు కోడిని సంతకు తోలితే మన నష్టం పక్కవాడి పెరటికి చేరుతుంది. ముందు రక్తం చూపించండి. అమ్మడం, ఉంచడం తరవాత ఆలోచించవచ్చు.