జవాబు ఎవరికి వెళుతోంది?

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఆ రోజుల్లో ఒక మాట నాలుగిళ్ళు తిరగడానికి కనీసం ఒక పూటైనా పట్టేది. ఇప్పుడు 'రిప్లై' అన్న మీట ఒక్కసారి నొక్కితే చాలు!

అపార్ట్‌మెంట్ సంఘాలకీ, పాత కాలేజీ స్నేహితురాళ్ళకీ ఈమెయిల్ గ్రూపులు ఉంటాయి కదా. వాట్సాప్ వచ్చాక జోరు తగ్గినా, లెక్కలూ మీటింగు వివరాలూ చాలాచోట్ల ఇంకా వాటిలోనే. గ్రూపు చిరునామాకి ఒక్క ఉత్తరం పంపితే సభ్యులందరికీ చేరుతుంది. బాగానే ఉంది. చిక్కల్లా దానికి జవాబిచ్చేటప్పుడే. ఆ జవాబు రాసినావిడకే వెళ్ళాలా, అందరికీ వెళ్ళాలా? దీన్ని నిర్ణయించేది గ్రూపు నడిపేవాళ్ళు ఎప్పుడో పెట్టిన సెట్టింగు. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

సంఘం డబ్బులు చూసే ఆవిడ "మెయింటెనెన్స్ బాకీలు ఈ వారంలో కట్టండి" అని రాసిందనుకోండి. ఒక ఇల్లాలు జవాబిస్తుంది: "అక్కా, మా ఆయన ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంకా చెప్పలేదు. వచ్చే నెలదాకా ఆగుతారా?" అక్క ఒక్కర్తికే రాశాననుకుంటుంది. ఆ గ్రూపులో మామగారు కూడా సభ్యులే! ఇక ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో నేను రాయక్కర్లేదు. జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కి లాక్కునే వీలుంది, నిజమే. కానీ ఎంతసేపు? మహా అయితే 30 సెకన్లు.

పోనీ, తిరగేసి చూద్దాం. అందరికీ చెప్పాల్సిన మాట ఒక్కరికే వెళ్ళింది. ఏమవుతుంది? "అయ్యో, అందరికీ పంపండీ" అంటారావిడ, మళ్ళీ పంపుతాం. అంతే! రెండూ పొరపాట్లే అయినా రెండిటి బరువూ ఒకటి కాదు కదా. అందుకే నామటుకు నాకు, 'రిప్లై' నొక్కితే రాసినావిడకే వెళ్ళాలనిపిస్తుంది. అందరికీ చెప్పాలనుకుంటే పక్కనే 'రిప్లై ఆల్' ఉండనే ఉంది. అదే జవాబులన్నీ గ్రూపుకి మళ్ళించే సెట్టింగు పెడితే, ఒక్కరికి రాయాలన్నప్పుడు ఆవిడ చిరునామా వెతికి విడిగా వేసుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది, పొయ్యి మీద పాలు పెట్టుకుని?

ఈ తగువు ఈనాటిది కాదు. 1982 నాటి ఈమెయిల్ నియమాల పత్రం, కలిసి చర్చించుకునే బృందాలు జవాబులన్నీ బృందానికే చేరేట్టు పెట్టుకోవచ్చని సూచించింది. 2001లో దాన్ని తిరగరాసినప్పుడు మాత్రం, జవాబు ఎక్కడికి రావాలో సూచించేది ఉత్తరం రాసినవారేనన్నారు. నాకు ఈ రెండో మాటే నచ్చింది.

అవతలివాళ్ళ వాదనలోనూ పస లేకపోలేదు. దేశవిదేశాల తెలుగువాళ్ళు సాహిత్యం మాట్లాడుకున్న 'రచ్చబండ' యాహూ గ్రూపుల్లోనే నడిచేది. (ఆ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి.) అలాంటిచోట ఒకరి సందేహానికి జవాబు నలుగురూ చదివితేనే అందం. పేరులోనే ఉంది కదా, రచ్చబండ మీది మాట అందరిదీ! పెరటిగోడ దగ్గర మాటని కూడా అక్కడికి లాక్కెళ్ళడమే నాకు గిట్టదు.

అందరికీ జవాబులు మరీ హద్దు దాటితే ఏమవుతుందో 2016 నవంబరులో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సేవ ఉద్యోగులు చూశారు. పరీక్ష కోసం పంపిన ఒక ఉత్తరం పొరపాటున 8 లక్షలమందికి పైగా వెళ్ళింది. "నన్ను తీసేయండి" అంటూ కొందరు అందరికీ జవాబులిచ్చారు. ఆ జవాబులకి మళ్ళీ జవాబులు! గంటంబావులో దాదాపు 50 కోట్ల ఉత్తరాలు!

మీ గ్రూపు నడిపేవారిని ఈసారి కలిసినప్పుడు అడగండి. గూగుల్ గ్రూప్స్ అయితే సెట్టింగుల్లో 'పోస్ట్ రిప్లైస్ టు' అని ఉంటుంది. అందులో గ్రూపుకా, రాసినవారికా, లేక జవాబిచ్చేవాళ్ళ ఇష్టానికా అన్నది ఎంచుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఉత్తరంలోనే ఈ ముక్క చెప్పేస్తే ఇంకా మంచిది. వాళ్ళు మార్చేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. పంపే ముందు పైన 'టు' అన్నచోట ఉన్నది మనిషి పేరో, గ్రూపు పేరో ఒక్కసారి చూసుకోవడం.