నాచారం పైపుకూ తైవాన్ జలసంధికీ లంకె

హైదరాబాద్: నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పీవీసీ పైపులు, ఫిట్టింగులు పోసే చిన్న యూనిట్లవారు చైనా–తైవాన్ కయ్యం వార్త వినగానే రెసిన్ వ్యాపారిని రేటు అడిగితే అందులో వింతేమీ లేదు.

దేశానికి కావలసిన పీవీసీ రెసిన్‌లో సగానికి పైగా దిగుమతి సరుకే. తైవాన్‌లోని ఫార్మోసా ప్లాస్టిక్స్ కంపెనీ మరుసటి నెల సరుకుకు భారత రేవులకు చేరవేత ధరను ప్రతి నెలా టన్నుకు ఇన్ని డాలర్లని ప్రకటిస్తుంది. ఆసియా వర్తకులకు అదే ఆనవాలు. స్వదేశీ ఉత్పత్తిదారులూ దిగుమతి ధరను చూసే తమ రేట్లు కడతారు. కనుక తైవాన్ బస్తా ఎన్నడూ విప్పని నాచారం యూనిట్‌కు కూడా ఆ ధర తప్పదు.

1949లో అంతర్యుద్ధంలో ఓడిన కొమింటాంగ్ ప్రభుత్వం తైవాన్ దీవికి తరలిపోయింది. దీవి తనదేనని బీజింగ్ నాటినుంచీ అంటోంది. దీవి మాత్రం సొంత ప్రభుత్వం, సైన్యం, నాణెంతో నడుస్తోంది. 1971లో ఐక్యరాజ్యసమితిలో చైనా స్థానం బీజింగ్‌కు దక్కింది. భారత్ గుర్తింపూ బీజింగ్‌కే. అయినా 1995లో తైపేలో భారత–తైపే సంఘం వెలిసింది. పేరుకు రాయబార కార్యాలయం కాదు గాని, వాణిజ్య వ్యవహారాలు చూసేది అదే. సరుకుకు దౌత్య గుర్తింపుతో పనిలేదు, ఎల్.సి. సక్రమంగా ఉంటే చాలు.

కయ్యం ముదిరితే ధర పెరుగుతుందని బజారు నమ్మకం. ప్రతిసారీ అలా జరగదు. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైపే వెళ్ళివచ్చాక చైనా దీవి చుట్టూ ఫిరంగి విన్యాసాలు జరిపింది. పీవీసీ ధర అప్పటికే పడుతోంది. చైనాలో ఇళ్ళ నిర్మాణం కుంటుపడడంతో ఆ తర్వాతా పడింది. ఆ వారం భయపడి గోడౌను నింపినవారు ఎవరైనా ఉంటే చేతులు కాల్చుకున్నట్లే. సుంకాల కయ్యమైతే ఇక్కడి కొనుగోలుదారుకు అనుకూలించవచ్చు కూడా. 12 రకాల తైవాన్ పెట్రోకెమికల్ సరుకులపై సుంకం రాయితీని చైనా 2024 జనవరి 1 నుంచి ఎత్తివేసింది. ఒక వాకిలి మూసుకుంటే సరుకు మరో వాకిలి వెతుక్కుంటుంది. పీవీసీ విషయంలో భారత్ పెద్ద వాకిలి.

భయపడవలసింది ఓడల దిగ్బంధానికి. అది వస్తే సరుకు కొరత కంటే ముందే ఓడ కిరాయి, యుద్ధ బీమా పెరుగుతాయి. పైపు ఖర్చులో పెద్ద వాటా రెసిన్‌దే. టెండరులో రేటు ముందే రాసిచ్చిన యూనిట్‌కు కిలోకు రెండు మూడు రూపాయల తేడా వచ్చినా లాభం ఆవిరే. పెద్ద కంపెనీలు నిలువ చేసుకోగలవు. వారం వారం సరుకు తెచ్చుకునేవారికి ఆ స్తోమత ఉండదు. అట్టివారు టెండరులో ధర సవరణ షరతు అడగాలి. అది కుదరకుంటే రెసిన్ బేరం ఖాయమయ్యేదాకా కొటేషన్ ఆపుకోవాలి.