స్ప్రింగు కోస్తే కాయిలోవర్ అవదు

కాయిలోవర్ సస్పెన్షన్ (షాకబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు అమర్చి, మరల పళ్లెంతో ఎత్తు మార్చుకునేలా చేసిన సెట్టు) గురించి ఉత్తరాంధ్రలో చెలామణీ అవుతున్న మాటల్లో అన్నిటికన్నా చేటు చేస్తున్నది ఒకటే: ‘స్ప్రింగు రెండు చుట్లు కోయించినా, కాయిలోవర్లు వేయించినా ఒకటే. బండి కిందికి దిగితే చాలు, రోడ్డుకు అతుక్కుపోతుంది.’ పేరున్న కంపెనీ కాయిలోవర్ సెట్టు లక్ష రూపాయల పైమాటే. గ్రైండరుతో కోయించడానికి ఒక పూట కూలీ చాలు. ఆ మాటకు బలమంతా ఈ తేడాలోనే ఉంది. స్విఫ్ట్, పోలో, ఐ20 ఎన్ లైన్ లాంటి కార్లను ఇలా దించి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించేవారు ముప్పు తమ ఒక్కరికే తెచ్చుకోవడం లేదు. మలుపు అవతల ఎదురొచ్చే బస్సులోని వాళ్లకూ తెస్తున్నారు.

స్ప్రింగు కోస్తే తగ్గేది ఎత్తొక్కటే కాదు. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట ఒకటిన్నర కోస్తే గట్టిదనం మూడో వంతు పెరుగుతుంది. షాకబ్జార్బర్ మాత్రం పాతదే. అందులోని వాల్వులను కంపెనీ పాత స్ప్రింగు బలానికి తగ్గట్టు అమర్చింది. కోసిన స్ప్రింగు విచ్చుకునే ఉరవడిని అవి పట్టలేవు. గతుకు దాటాక కారు ఒక్కసారితో కుదురుకోకుండా రెండు మూడు సార్లు ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ టైరు మీద బరువు పెరిగి తగ్గుతుంది. తగ్గిన క్షణంలో మలుపు వస్తే పట్టు జారుతుంది.

అంతకన్నా ప్రమాదం స్ప్రింగు కూర్చునే చోట ఉంది. ముందు చక్రాల స్ట్రట్‌లో కింది పళ్లెం స్ప్రింగు కొస ఆకారానికి సరిపోయేలా అచ్చు పోసి ఉంటుంది. ఆ కొస అందులో ఆనుకుంటేనే స్ప్రింగు తిరగకుండా, పక్కకు జరగకుండా నిలుస్తుంది. కోసిన కొస ఆ గాడిలో కూర్చోదు. పైగా పొడవు తగ్గింది కాబట్టి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు పళ్లేల మధ్య వదులుగా ఆడుతుంది. జాక్ మీద ఎత్తిన కారు కింద చెయ్యి పెట్టి కదిపితే ఇది తెలిసిపోతుంది: కంపెనీ స్ప్రింగు కదలదు, కోసినది కటకటలాడుతుంది. దిబ్బ దాటి చక్రం జారిన క్షణంలోనూ అదే జరుగుతుంది. తిరిగి బరువు పడేసరికి స్ప్రింగు వంకరగా దిగబడవచ్చు, జారి టైరుకు తగలవచ్చు. గ్యాస్ కటింగుతో కోస్తే ఇంకో దోషం కూడా చేరుతుంది. ఆ వేడికి కోత దగ్గరి ఉక్కు పదును పోతుంది. పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

ఎత్తు లెక్క కూడా చూడాలి. స్విఫ్ట్ ఖాళీ కారుకు నేలనుంచి ఎడం 163 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి కారు దాని నడిమికి వచ్చినప్పుడు చక్రాలు కూడా దాని వాలు మీదే ఉంటాయి. పొట్ట కిందికి వచ్చే గుబ్బ నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. 60 మి.మీ. దించిన కారు కూడా దాన్ని దాటేస్తుంది. జాతీయ రహదారి దిగి లోపలి ఊళ్లకు పోతే వచ్చేవి ఆ కొలతల గట్లు కావు. సన్నగా, నిట్టనిలువుగా పోసిన కాంక్రీటు గట్టుకు ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల నేల మీదే ఉంటాయి. ఎత్తు అదే 10 సెంటీమీటర్లైనా కంపెనీ కారుకు 63 మి.మీ. మిగులుతుంది, 60 దించిన కారుకు మూడు. నలుగురు ఎక్కితే ఆ మూడూ ఉండవు.

చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా కూడా ఆ 60 మి.మీ. మేర తరిగిపోతుంది. షాకబ్జార్బర్ చిన్న గతుక్కే బంప్ స్టాప్‌ను గుద్దుకుంటుంది. గుద్దుకున్న చక్రానికి ఆ క్షణంలో సస్పెన్షన్ లేనట్టే.

ఇక ‘దించితే మలుపుల్లో ఒరగదు’ అన్న మాట. ఇందులో ఇసుమంత నిజం ఉంది, ఒప్పుకోక తప్పదు. కారు బరువు కేంద్రం 550 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, దాన్ని 30 దించితే మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మళ్లే బరువు ఐదున్నర శాతం తగ్గుతుంది. అంతకు మించి దించితే స్ట్రట్ కార్లలో లెక్క అడ్డం తిరుగుతుంది. లోయర్ ఆర్మ్ లోపలి కొస బయటి కొస కన్నా కిందికి జారి, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ బరువు కేంద్రం కన్నా వేగంగా దిగిపోతుంది. రెంటి మధ్య ఎడం పెరిగి, ఒరిగే గుణం కూడా పెరుగుతుంది. స్టీరింగు రాడ్ కోణం మారడంతో గతుకు మీద చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతుంది. ఈ ప్రాంతపు రోడ్లకు 25 నుంచి 30 మి.మీ. హద్దు. ఆపైన చేసేదంతా చూపులకే.

‘ఎంత గట్టిగా ఉంటే అంత పట్టు’ అన్న నమ్మకం కూడా దీనికి తోబుట్టువే. బరువు కోసం కమాన్ కట్టకు అదనపు పట్టీ వేసిన సాలూరు లారీ ఖాళీగా సుంకి ఘాట్ దిగుతుంటే వెనక చక్రాలు గతుకు గతుకుకూ ఎగురుతాయి. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు. చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టై ట్రాక్ లాంటి నున్నటి తారు మీద పనికొచ్చే స్ప్రింగు ఇక్కడి రోడ్డు మీద పనికిరాదు.

అసలు కాయిలోవర్లు వేయించినవారు కూడా ఒక అపోహలో ఉంటారు: పళ్లెం బిగించి ప్రీలోడ్ (స్ప్రింగుకు ముందే ఇచ్చే నొక్కుడు) పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని. గట్టిపడదు. మి.మీ.కు 6 కిలోల స్ప్రింగు మీద 300 కిలోల బరువు ఉంటే అది 50 మి.మీ. నొక్కుకుంటుంది. పళ్లేన్ని 10 మి.మీ. పైకి తిప్పితే కారు 10 మి.మీ. లేస్తుంది. స్ప్రింగు నొక్కుడు అదే 50. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులు కాకుండా ఉండేంత ప్రీలోడ్ చాలు. కింది బ్రాకెట్ విడిగా తిరిగే రకాల్లో ఎత్తును బ్రాకెట్ తోనే మార్చాలి, పళ్లెం జోలికి పోకూడదు.

డ్యాంపింగ్ నాబ్‌ను చివరిదాకా బిగిస్తే రేసు సెట్టింగ్ అనుకోవడం ఒట్టి మాట. రీబౌండ్ (విచ్చుకునేటప్పటి అడ్డు) మితిమీరితే వరుస గతుకుల మీద షాకబ్జార్బర్ విచ్చుకునే లోపే తర్వాతి గతుకు వస్తుంది, కారు మెట్టుమెట్టుగా కిందికి కూర్చుంటుంది. పూర్తిగా బిగించి, క్లిక్కులు వెనక్కి లెక్కపెడుతూ మధ్యలో ఆపి, అక్కడినుంచి మొదలుపెట్టడం పద్ధతి. ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకే లెక్క ఉండాలి. ఒకసారికి రెండు క్లిక్కులే మార్చి, నాతవలస–విజయనగరం మధ్య ఏదో ఒకే ముక్క మీద అదే వేగంతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. ముందూ వెనకా ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తేలదు.

చిన్న అపోహలు మరికొన్ని ఉన్నాయి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ ఇరికిస్తే కారు లేస్తుంది గానీ, ఆ చుట్టు పనిచేయక పక్క చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. గ్యాస్ షాకబ్జార్బర్‌లో నూనె ఉండదన్నది తప్పు. దించాక అలైన్‌మెంట్ అక్కర్లేదన్న భ్రమ నాలుగు టైర్లు లోపలి అంచున అరిగాక ఎలాగూ వదులుతుంది.

బిగింపులో జరిగే తప్పులు భాగాల తప్పుల కన్నా ఎక్కువ. కారు లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కారు దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. పై నట్టును ఎయిర్ గన్‌తో కొడితే కడ్డీ గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టుకుంటే పడే గీత అదే సీలును కోస్తుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగుడు పడకూడదు. ఎత్తును నేలనుంచి కాక, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు కొలవాలి. టైరు గాలిలో తేడా ఉన్నా ఆ కొలత మారదు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచి, లాక్ రింగులు బిగించి, మరోసారి అలైన్‌మెంట్ చేయించాలి.

‘లోపలి భాగమే కదా, ఎవరికి తెలుస్తుంది’ అన్నది చట్టం దగ్గర చెల్లదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యే మార్పులను అడ్డుకుంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధిస్తుంది. బీమా కంపెనీకి చెప్పని మార్పు క్లెయిమ్ రోజున తగువు అవుతుంది. కాబట్టి కొనకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీ దగ్గరా రాతపూర్వకంగా అడగాలి. విప్పిన కంపెనీ స్ప్రింగులు, స్ట్రట్‌లు అమ్మేయకూడదు.

కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి తీరపు ఊళ్లలో కాయిలోవర్‌కు అసలు శత్రువు ఉప్పుగాలి. ఉక్కు గొట్టం మీది అల్యూమినియం రింగు ఉప్పు తేమకు కరుచుకుపోయి, రెండు వానాకాలాలు దాటితే తాళం పానాకు కూడా లొంగదు. నెలకోసారి మంచినీళ్లతో మరలు కడిగి, ఆరాక పలచగా గ్రీజు రాసి, రింగును ఒక చుట్టు వదులు చేసి తిరిగి అదే గుర్తుకు బిగించాలి.