నాలుగేండ్ల నౌకరీ – తర్వాత బతుకేంది?

షాద్‌నగర్ చుట్టూ ఊళ్లలో కోడికూతకే లేచి రోడ్ల మీద ఉరికే పిల్లలను మేము చూస్తూనే ఉన్నాం. కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు. వానను నమ్ముకున్న పాలమూరు మెట్టనేల మనది. ఒక్క కొడుకు మిలిటరీలో చేరితే ఇల్లు నిలబడుతుందని తల్లిదండ్రుల ఆశ.

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించి ఆ ఆశను దెబ్బ కొట్టింది. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆందోళన చేసిన యువకులపై కాల్పులు జరిగాయి. ఒకరు ప్రాణం కోల్పోయారు.

ఈ పథకం లెక్క ఏమిటి? నౌకరీ 4 ఏండ్లు. ఆపైన నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగిలినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. చేతిలో పెట్టేది సుమారు 11.71 లక్షలు. అందులో దాదాపు సగం, నెలనెలా జీతంలో నూటికి 30 చొప్పున కోసిన పిల్లల పైసలే!

2023 జనవరిలో శిక్షణకు పోయినవారి గడువు 2027 జనవరి దాకానే. పాతికేండ్లు నిండకముందే తిరిగొచ్చే పిల్లవాడు మళ్లీ కూలి అడ్డా మీద నిలబడాలా?

అందుకే ఈ పని సంఘం నెత్తికెత్తుకోవాలి. పోకముందు షరతులన్నీ చదివి వినిపించాలి, దళారులకు పైసలు కట్టనీయొద్దు. నౌకరీలో ఉన్నన్నాళ్లు ఇంటికాడి ముసలోళ్ల రేషను, భూమి కాగితాలు మనం చూసుకోవాలి. తిరిగొచ్చినాక ఒంటరిగా వదలొద్దు, సర్కారు నౌకరీ కోసం వెంట నడవాలి.

పింఛనున్న పూర్తికాలపు నౌకరీ మళ్లీ తెచ్చుకునేదాకా కొట్లాడుదాం. దేశాన్ని కాచినోడిని ఊరు కాచుకోవాలి.